స్పోర్ట్స్ బైకు కొన్నారా? ముందు ఇది చదవండి!

కొత్త బండి కొన్నారు. చాలా సంతోషం! షోరూములోనే పూలదండ వేశారు. గుడి ముందు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. పసుపు కుంకుమ ఇంకా ట్యాంకు మీద ఆరనే లేదు. ఇక ఈ బండిని ఎలా చూసుకోవాలి, దానికి ఏయే కొత్త హంగులు చేయించాలి అని మెకానిక్కును అడుగుతారు, స్నేహితులను అడుగుతారు. డాక్టరును మాత్రం అడగరు. 'డాక్టరుకూ బండి సర్వీసింగుకూ ఏమిటి సంబంధం?' అంటారేమో! సంబంధం ఉంది కాబట్టే ఈ వారం జ్వరాలనూ అజీర్తినీ పక్కనపెట్టి, బండి గురించి రాస్తున్నాను. చైను శుభ్రం చేయబోయి వేలు పోగొట్టుకున్నవాడు, టైరులో గాలి చూసుకోక గుల్ల మట్టిలో జారినవాడు, సైలెన్సరు మార్పించి ఆర్నెల్లకు 'చెవిలో గుయ్యిమంటోంది సార్' అంటూ వచ్చినవాడు - వీళ్ళందరినీ మెకానిక్కు చూడడు. మేమే చూస్తాం.

మా కొండాపురం ప్రాంతం తెలిసినవారికి ఇక్కడి రోడ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఇటు తాడిపత్రి, అటు ముద్దనూరు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు. రోడ్డు చాలాచోట్ల నున్నగా, వెడల్పుగా ఉంటుంది. కానీ ఆ నున్నని రోడ్డు మీదనే నాపరాళ్ళ లారీలు, ఎర్రగుంట్ల సిమెంటు లారీలు, థర్మల్ స్టేషను బూడిద లారీలు తిరుగుతాయి. పంట రోజుల్లో జొన్న కంకులో, శనగ కట్టెలో రోడ్డు మీద పరచి ఉంటాయి. వాన పడితే చేలోనుంచి వచ్చిన ట్రాక్టరు టైర్లకు అంటుకున్న నల్లరేగడి రోడ్డంతా పూసినట్టు ఉంటుంది. గండికోట జలాశయంలో నీళ్ళు నిలబెట్టాక మా మండలంలో ఎన్నో ఊళ్ళు మునిగాయి. తాళ్ళప్రొద్దుటూరు అంత పెద్ద ఊరే 2020 లో ఖాళీ అయింది. పరిహారం డబ్బు చేతికి వచ్చిన ఇళ్ళలో కొందరు స్థలం కొన్నారు, కొందరు ఇల్లు కట్టుకున్నారు, కొందరు కొడుకు మాట కాదనలేక బండి కొన్నారు. ఊరిని ఇచ్చి తెచ్చుకున్న బండి అది. దాని మీద పిల్లవాడు క్షేమంగా తిరగాలని తల్లిదండ్రులకు ఎంత ఉంటుందో వేరే చెప్పాలా?

ఒకప్పుడు మన కుర్రకారుకు 1985 లో వచ్చిన యమహా ఆర్.ఎక్స్. 100 అంటే ప్రాణం. దాని వేగానికే పెద్దవాళ్ళు గుండెలు బాదుకునేవారు. 2001 లో పల్సరు, 2008 లో ఆర్ 15, 2012 లో కె.టి.ఎం. డ్యూకు వచ్చాయి. ఈనాటి పిల్లలకు ఆర్.ఎక్స్. 100 వేగం ఒక వేగమే కాదు. కానీ మనిషి పుర్రె మందం మాత్రం 1985 లో ఎంతో ఇప్పుడూ అంతే!

చైను దగ్గర వేళ్ళు జాగ్రత్త

మొదట చైను సంగతి. ఎందుకంటే ఇంట్లో చేసుకునే మరమ్మతుల్లో మా దగ్గరికి అందరికంటే ఎక్కువగా మనుషులను పంపేది ఇదే.

స్పోర్ట్స్ బళ్ళలో చైను బయటికే ఉంటుంది. పాత బళ్ళలో ఉన్నట్టు దాని మీద పూర్తి మూత ఉండదు. దుమ్ము పడుతుంది, ఆరిపోతుంది, చప్పుడు చేస్తుంది. సుమారు 500 కిలోమీటర్లకు ఒకసారి శుభ్రం చేసి నూనె పట్టించాలి. మన దుమ్ము రోడ్లలో, వానలో తడిసినప్పుడు ఇంకా ముందే చేయాలి. ఇంతవరకు అందరికీ తెలుసు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, చక్రాన్ని చేత్తో తిప్పుతూ తుడవడం విసుగనిపించి, బండిని స్టాండు మీద ఎత్తి, ఇంజను ఆన్ చేసి, మొదటి గేరులో పెట్టి వదిలేస్తారు. చక్రం దానంతట అదే తిరుగుతూ ఉంటుంది. తిరిగే చైనుకు గుడ్డ అడ్డం పెడితే తనే శుభ్రమవుతుందని ఆలోచన. గుడ్డ పోగు ఒకటి స్పాకెట్టు పళ్ళలో చిక్కుకుంటుంది. గుడ్డ లోపలికి పోతుంది. గుడ్డతోబాటు దాన్ని పట్టుకున్న వేలు కూడా పోతుంది. 'అయ్యో!' అని చెయ్యి లాక్కునే వ్యవధి ఉండదు. నేను చూసిన కేసుల్లో ఎక్కువగా పోయింది చూపుడు వేలు, మధ్య వేలు. కత్తితో తెగినట్టు ఉండదు, నలిగి తెగుతుంది. అందుకే అతికించడం చాలాసార్లు సాధ్యం కాదు. పత్తి తీసేవాడికి, చీనీ కాయలు కోసేవాడికి, కంప్యూటరు మీద రాసేవాడికి ఆ వేలి కొసలు ఎంత అవసరమో ఆలోచించండి.

కాబట్టి ఇంజను ఆపండి. తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. గేరు న్యూట్రలులో పెట్టి, చక్రాన్ని చేత్తో వెనక్కు తిప్పుతూ, గుడ్డతో కాకుండా పొడుగు పిడి ఉన్న బ్రష్షుతో శుభ్రం చేయండి. పెట్రోలు వాడకండి. చాలా స్పోర్ట్స్ బళ్ళలో చైను లింకుల మధ్య సన్నని రబ్బరు రింగులు ఉంటాయి, పెట్రోలు వాటిని పాడుచేస్తుంది. అదే పెట్రోలు మీ చేతి చర్మంలోని జిడ్డును కూడా లాగేస్తుంది. మెకానిక్కు షాపుల్లో పనిచేసే పిల్లల చేతులు పగిలి, దురదతో ఉండటానికి ఒక కారణం ఇదే. చైను ఎంత వదులుగా ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో మిల్లీమీటర్ల లెక్కన రాసి ఉంటుంది. మరీ బిగిస్తే తెగుతుంది, మరీ వదులైతే జారి చక్రాన్ని పట్టేస్తుంది.

ఒకవేళ వేలు తెగిందే అనుకోండి. తెగిన ముక్కను వెతికి, నీళ్ళతో మట్టి పోయేలా మెల్లగా కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టండి. ఆ కవరును ఐసు ముక్కలు, నీళ్ళు ఉన్న మరో కవరులో ఉంచండి. ముక్కను నేరుగా ఐసులో వేయకూడదు, కణాలు చచ్చిపోతాయి. చేతి మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి, బయల్దేరండి. పసుపు, కాఫీపొడి, సున్నం వద్దు.

చైను పక్కనే ఉండేది సైలెన్సరు. ఇంటికి రాగానే చిన్నపిల్లలు బండి చుట్టూ చేరతారు. పిక్క కాలుతుంది. కాలిన చోటును కొళాయి కింద 20 నిమిషాలు ఉంచండి. టూత్ పేస్టు రాస్తే మంట తగ్గదు. ఆ పేస్టును గోకి తీయడానికి మాకు అదనంగా పది నిమిషాలు, బిడ్డకు అదనంగా ఏడుపు! నీటితో చల్లబడే ఇంజను ఉన్న బండి అయితే, వేడిగా ఉండగా రేడియేటరు మూత విప్పకండి. లోపలి నీరు ఒత్తిడితో ముఖం మీదికి చిమ్ముతుంది.

మొదటి వెయ్యి కిలోమీటర్లు

ఇంజను సంగతి మెకానిక్కు చెబుతాడు కాబట్టి నేను పొడిగించను. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజనును అదిమి పరుగెత్తించకూడదు, మొదటి సర్వీసు తేదీ దాటనీయకూడదు, పుస్తకంలో రాసిన రకం ఆయిలే పోయించాలి. కారుకు మిగిలిన ఆయిలు ఉంది కదా అని పోస్తే క్లచ్చి జారుతుంది. ఎందుకంటే బండిలో క్లచ్చి కూడా అదే ఆయిలులో మునిగి ఉంటుంది. నా దృష్టిలో ఆ వెయ్యి కిలోమీటర్లు ఇంజనుకు ఎంత అవసరమో మీకూ అంతే అవసరం. అంతకుముందు మీరు నడిపిన బండి 100 సి.సి.దయితే, దీని బరువు, దీని బ్రేకు, దీని ఊపు మీ చేతులకు అలవాటు కావాలి. కొత్త టైర్ల పైపొర కూడా మొదటి వంద కిలోమీటర్ల వరకు నున్నగా ఉంటుంది, రోడ్డును సరిగా పట్టదు. షోరూము నుంచి బయటికి వచ్చీ రాగానే మలుపులో వాల్చి స్నేహితులకు చూపించే ముచ్చట అక్కడ వద్దు.

టైరులో గాలి వారానికోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మన జిల్లాలో మే నెలలో పగటి వేడి 44, 45 డిగ్రీలు కూడా దాటుతుంది. ఎండలో పరుగెత్తిన టైరులో గాలి వ్యాకోచించి ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీయించి, తెల్లారి చల్లబడ్డ టైరుతో బయల్దేరితే గాలి తక్కువై ఉంటుంది. గాలి తగ్గిన టైరు మరింత నలుగుతుంది, వేడెక్కుతుంది, మలుపులో పక్కకు లాగుతుంది.

ఇక బ్రేకులు. 'ముందు బ్రేకు పడితే ఎగిరి పడతావు' అని మన పల్లెల్లో తాతలనాటి మాట ఒకటి ఉంది. అందుకే చాలామంది ముందు బ్రేకును ముట్టుకోరు. బండి ఆగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది. కాబట్టి బండిని ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. రెండూ కలిపి, ముందుది క్రమంగా బిగిస్తూ పట్టాలి. ఖాళీ రోడ్డు చూసుకుని, తక్కువ వేగంలో, పదిసార్లు సాధన చేయండి. 125 సి.సి. మించిన కొత్త బళ్ళన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఎ.బి.ఎస్. తప్పనిసరి. కొన్నిట్లో అది ముందు చక్రానికే ఉంటుంది. ఎ.బి.ఎస్. ఉన్న బ్రేకును గట్టిగా పట్టి ఉంచాలి, మాటిమాటికీ వదిలి పట్టకూడదు. చేతికి టకటకమని తగిలితే భయపడి వదిలేయకండి, అది దాని పని. అయితే గులకరాళ్ళ మీద, పరచిన శనగ కట్టె మీద, తడి రేగడి మీద ఎ.బి.ఎస్. కూడా ఏమీ చేయలేదు. అలాంటి చోటు కనిపించగానే ముందే వేగం తగ్గించుకోవాలి. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్ళకోసారి మార్పించండి, బండి బాగానే ఆగుతున్నా సరే.

పెట్రోలు విషయంలో ఒక్క మాట. స్నేహితుడి బండి ఆగిపోయింది, మీ ట్యాంకులో నుంచి పైపు పెట్టి నోటితో లాగారు. గుటక పడింది. వెంటనే ఎవరో ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయిస్తారు. అదే ప్రమాదం! పెట్రోలు కడుపులో ఉన్నప్పటికంటే వాంతి అయ్యేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతే చేసే హాని ఎక్కువ. అక్కడ న్యుమోనియా వంటి జబ్బు తెస్తుంది. వాంతి చేయించకుండా ఆసుపత్రికి తీసుకురండి. దగ్గు, ఆయాసం మొదలైతే మరీ తొందరపడాలి.

ఏ హంగులు చేయించాలి?

కొత్త బండికి పదివేలు మిగిలాయి, ఏం చేయిద్దాం అని మొదటి నెలలోనే ఆలోచన మొదలవుతుంది. పెద్ద చప్పుడు సైలెన్సరు, చిన్న అద్దాలు, కిందికి దిగిన హ్యాండిలు, వెడల్పు టైరు, కళ్ళు చెదిరే తెల్ల లైట్లు - ఇదీ జాబితా. నన్ను అడిగితే మొదటి ఖర్చు తల మీద పెట్టాలి.

ఐ.ఎస్. 4151 గుర్తు ఉన్న హెల్మెట్టే కొనండి. 2021 జూన్ 1 నుంచి ఆ ముద్ర లేని హెల్మెట్టు అమ్మడమే నేరం, అయినా రోడ్డు పక్కన తాడు మీద వేలాడుతూనే ఉన్నాయి. ముఖం కూడా కప్పేది తీసుకోండి. దవడ పగిలినవాళ్ళకు నెలన్నర స్ట్రాతో గంజి తాగించడం ఎంత కష్టమో చూసినవాడిని కాబట్టి చెబుతున్నాను. పెట్టుకుని తల ఊపితే హెల్మెట్టు విడిగా ఊగకూడదు. గడ్డం కింద పట్టీ బిగించాక రెండు వేళ్ళు పట్టాలి, అంతే. పట్టీ పెట్టని హెల్మెట్టు మీకంటే ముందే కింద పడుతుంది! హెల్మెట్టులో పని చేసేది పైన మెరిసే డిప్ప కాదు, లోపలి థర్మోకోల్ వంటి పొర. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, ఆ దెబ్బను తాను తీసుకుంటుంది. ఒకసారి నలిగితే మళ్ళీ లేవదు.

హెల్మెట్టు పెడితే జుట్టు ఊడుతుందని పిల్లల బాధ. ఊడదు. చెమట పట్టి చుండ్రు పెరగవచ్చు. లోపల పల్చని నూలుగుడ్డ కట్టుకోండి, లైనింగు వారానికోసారి ఉతకండి.

ఈ హెల్మెట్టు వెనుక ఒక కథ ఉంది. అరేబియా లారెన్సు అని పేరు పొందిన ఇంగ్లీషు సైనికుడు టి.ఇ. లారెన్సు 1935 మే నెలలో తన మోటారు సైకిలు మీద పోతూ, సైకిళ్ళ మీద పోతున్న ఇద్దరు కుర్రవాళ్ళను తప్పించబోయి పడ్డాడు. తలకు దెబ్బ. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి, 46వ ఏట చనిపోయాడు. ఆయనను చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జను ఉన్నాడు. ఆ మరణం ఆయన మనసును వదలలేదు. మోటారు సైకిలు ప్రమాదాల్లో తల దెబ్బలను పరిశీలించి 1941 లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశాడు. ఆ ఏడే బ్రిటిష్ సైన్యంలో మోటారు సైకిలు నడిపేవారికి హెల్మెట్టు తప్పనిసరి అయింది. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో జరిగిన పరిశీలనలన్నీ కలిపి చూస్తే, హెల్మెట్టు వల్ల చావు ప్రమాదం సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ప్రమాదం సుమారు 69 శాతం తగ్గుతుందని తేలింది. మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలో హెల్మెట్టు లేక చనిపోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. అంటే మన ఇళ్ళలో ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు, స్నేహితులు. హెల్మెట్టు ఒకటి కొంటే సగం పనే అయింది. రెండు కొనండి.

రెండో ఖర్చు కాదు గానీ, అసలు ఖర్చే లేనిది ఒకటి చెబుతాను: ఉన్నదాన్ని పీకించకండి. వెనుక చక్రం పక్కన ఉండే చీరగార్డు అందానికి అడ్డమని చాలామంది మొదటి రోజే తీయించేస్తారు. వెనుక కూర్చున్నవారి బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రమైనా కప్పి ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. మన ఆడవాళ్ళు ఒక పక్కగా కూర్చుంటారు. స్పోర్ట్స్ బండి వెనుక సీటు అరచేయంత, ఎత్తు ఎక్కువ, పట్టుకునేందుకు కమ్మీ కూడా సరిగా ఉండదు. చీర కొంగో, చున్నీయో గాలికి ఎగిరి చక్రంలోనో చైనులోనో పడిందంటే మెడకు బిగుసుకోవచ్చు, లేదా మనిషిని వెనక్కు లాగి పడేస్తుంది. వెనక్కు పడ్డవారికి తల వెనుక భాగం రోడ్డుకు తగులుతుంది. అమ్మా, ఆ బండి ఎక్కవలసి వస్తే కొంగు నడుముకు దోపుకోండి, చున్నీ వెనుక ముడి వేసుకోండి. కొడుకు నవ్వితే నవ్వనీయండి. నాలుగేళ్ళు దాటిన పిల్లలకూ హెల్మెట్టు చట్టప్రకారం ఉండాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలనైతే నడిపేవారికి కలిపి కట్టే పట్టీతో, హెల్మెట్టుతో, 40 కిలోమీటర్ల వేగం దాటకుండా తీసుకుపోవాలి.

సైలెన్సరు మార్పిస్తే ఏమవుతుంది? ఊరికి నిద్ర పోతుంది, అది వేరే సంగతి. ముందు మీ చెవి పోతుంది. 85 డెసిబెల్సు చప్పుడును రోజుకు 8 గంటలు భరించవచ్చు. అది 3 డెసిబెల్సు పెరిగిన ప్రతిసారీ ఆ గడువు సగమవుతుంది. 88 కి 4 గంటలు, 91 కి 2 గంటలు, 100 కు వచ్చేసరికి పావుగంట! లోపలి చెవిలోని సన్నని రోమాల వంటి కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. మొదట గుయ్యిమనే మోత, తర్వాత పక్షుల కూత, పిల్లల మాట వినిపించకపోవడం. దీనికి మందు లేదు. పైగా చట్టప్రకారం పదివేల రూపాయల వరకు జరిమానా. 2020 నుంచి వస్తున్న బి.ఎస్. 6 బళ్ళలో పొగను శుద్ధి చేసే భాగం సైలెన్సరు గొట్టంలోనే ఉంటుంది. దాన్ని పీకేస్తే ఆ విషవాయువు మీ వెనుక వచ్చేవాడి ముక్కులోకి పోతుంది.

వెడల్పు టైరు ఆ రిమ్ముకు సరిపోకపోతే మలుపులో బండి మాట వినదు. చిన్న అద్దాల్లో మీ మోచేతులు తప్ప వెనుక లారీ కనిపించదు. కళ్ళు చెదిరే లైటు వేస్తే ఎదుటివాడు మిమ్మల్ని చూడలేక మీ మీదికే వస్తాడు. ఇలాంటి మార్పుల గురించి భీమా కంపెనీకి చెప్పకపోతే, తర్వాత డబ్బు అడిగినప్పుడు పేచీ వస్తుంది.

నడుము, చేతులు, ఎండ

స్పోర్ట్స్ బండి మీద ముందుకు వంగి కూర్చోవాలి. ప్రొద్దుటూరు దాకా పోయి వచ్చేసరికి మణికట్టు నొప్పి, చిటికెన వేలు తిమ్మిరి, మెడ పట్టేయడం మామూలే. బరువంతా చేతుల మీద వేయకండి. మోకాళ్ళతో ట్యాంకును అదిమి, నడుము కండరాలతో ఒంటిని నిలపండి. మోచేతులు కాస్త వంచి ఉంచండి. ముప్పావు గంటకోసారి దిగి నడవండి. తిమ్మిరి దిగిన తర్వాత కూడా గంటల తరబడి ఉంటే, లేదా రాత్రి నిద్రలో చేతులు మొద్దుబారితే డాక్టరుకు చూపించండి. వేసవిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా పుణ్యక్షేత్రాలకూ, గండికోట లోయ చూడటానికీ బయల్దేరకండి. గాలి తగులుతుంటే చెమట పట్టినట్టే తెలియదు, ఒంట్లో నీరు మాత్రం పోతూనే ఉంటుంది. తల తిరిగేది బండి మీద ఉన్నప్పుడే. సాయంత్రం పురుగు కంట్లో పడితే నలపకుండా ఆగి, నీళ్ళతో కడగండి. నల్ల అద్దం హెల్మెట్టు రాత్రి వద్దే వద్దు.

వేగం గురించి ఉపన్యాసం ఇవ్వను, లెక్క చెబుతాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. గేదె అడ్డం వచ్చిందని కన్ను చూసి, మెదడు చెప్పి, చెయ్యి బ్రేకు పట్టేలోగా ఒక సెకను గడుస్తుంది. అంటే బ్రేకు పడకముందే 17 మీటర్లు. ఆ వేగంలో గోడకు కొట్టుకుంటే 46 అడుగుల ఎత్తు నుంచి కింద పడ్డట్టు. 80 లో అయితే 82 అడుగులు. వేగం రెట్టింపయితే దెబ్బ నాలుగింతలు అన్నమాట.

మీ అబ్బాయికి 18 నిండలేదా? అయితే గేర్ల బండి తాళాలు మీ దగ్గరే ఉండాలి. 2019 సవరణ ప్రకారం మైనరు బండి నడిపితే తండ్రికి మూడేళ్ళ వరకు జైలు, 25 వేల జరిమానా.

పడ్డ తర్వాత

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. దయచేసి రెండుసార్లు చదవండి.

కుర్రవాడు పడతాడు. ఒక నిమిషం మైకం. తర్వాత లేస్తాడు, బట్టలు దులుపుకుంటాడు. 'ఏం కాలేదన్నా, పైపైన గీసుకుంది అంతే' అంటాడు. టీ తాగుతాడు. ఇంటికి పోయి, తలనొప్పిగా ఉందని పడుకుంటాడు. తెల్లారి లేవడు. పుర్రెకూ మెదడు పై పొరకూ మధ్య రక్తనాళం చిట్లి, రక్తం మెల్లగా చేరుతూ మెదడును అదుముతుంది. నడుమ ఆ రెండు మూడు గంటలు మనిషి మామూలుగానే ఉంటాడు. అదే మోసం! ఆ సమయంలో స్కానింగు చేసి, పుర్రెకు రంధ్రం పెట్టి రక్తం తీసేస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. కాబట్టి తలకు దెబ్బ తగిలి, క్షణమైనా స్పృహ తప్పినవాడిని నిద్రపుచ్చకండి, ఆసుపత్రికి తీసుకుపోండి. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మత్తు, తికమక మాటలు, ఫిట్సు, ఒక కంటి పాప రెండోదానికంటే పెద్దది కావడం, ముక్కులోనుంచో చెవిలోనుంచో నీరు కారడం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా స్కానింగూ మెదడు సర్జనూ ఉన్న పెద్దాసుపత్రికి పోవాల్సిందే. మా వంటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఆపుతాం, ఊపిరి చూస్తాం, సెలైను పెడతాం, పంపిస్తాం. పుర్రె తెరవలేం. 'రేపు చూద్దాంలే' అని మీరు ఇంట్లో గడిపే ప్రతి గంటా దారిలో పోయే గంటకు తోడవుతుంది.

రోడ్డు మీద పడి ఉన్నవాడిని చూస్తే ముందు 108 కు ఫోను చేయండి. మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15 న మొదలైన ఆ సేవ పల్లెకూ వస్తుంది. నీళ్ళు తాగించకండి. మనకు జాలి, అతనికి ఊపిరాడకపోవడం! చేతులూ కాళ్ళూ పట్టుకుని మూటలా ఆటోలో వేయకండి. మెడ ఎముక విరిగి ఉంటే ఆ ఊపుతో జీవితాంతం చచ్చుపడిపోతాడు. ఊపిరి బాగా ఉంటే హెల్మెట్టు జోలికి పోకండి. ఊపిరాడకపోయినా, నోట్లో వాంతి నిండినా తీయక తప్పదు. అప్పుడు ఒకరు తలా మెడా కదలకుండా రెండు చేతులతో పట్టుకోవాలి, రెండోవారు పట్టీ విప్పి మెల్లగా లాగాలి. రక్తం కారే చోట గుడ్డ పెట్టి అదమండి. కేసు అవుతుందని భయపడకండి. ప్రమాదంలో సాయపడినవారిని పోలీసులు వేధించకూడదని 2016 లో సుప్రీంకోర్టు ఆదేశించింది, 2019 లో చట్టంలోనే ఆ రక్షణ చేరింది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో, ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా చికిత్స డబ్బు కట్టకుండానే జరిగే పథకం ఉంది. డబ్బు పోగేసుకుని బయల్దేరుదామని ఆగవద్దు.

గాయపడినవాడు వేసుకున్న హెల్మెట్టును కూడా ఆసుపత్రికి తీసుకురండి. అది ఎక్కడ నలిగిందో చూస్తే దెబ్బ ఏ వైపు, ఎంత బలంగా తగిలిందో మాకు అర్థమవుతుంది. ఆ తర్వాత దాన్ని పగలగొట్టి పారేయండి. పైకి బాగానే ఉంది కదా అని తమ్ముడికి ఇవ్వకండి.